బాడుగ యింటి ధర్మము

నేను ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనుగా బడులలో బనిచేసి విశ్రాంతి గొన్నవాడను. నావంటివాడు ఆకాశవాణి ముందు గూర్చుండిన, పెనుగొండ కోటను గూర్చియో లేపాక్షి బసవన్నను గూర్చియో చెప్పునని మీరనుకొందురు. నేటి విషయ మంత రమణీయము గాదు. బాడుగ యిండ్లను గూర్చి చెప్పదలచితిని. ఇల్లు బాడుగ కిచ్చువాడు పాటింపవలసిన నియమము లెవ్వి, అవి యెప్పుడు, ఏల పుట్టినవి, మన సోమందేపల్లి వఱకు వచ్చినవా రాలేదా, యనునదే నా ప్రసంగము.

ముందుగా మాటను గూర్చి యొక మాట. మన సీమలో బాడుగ యందుము. కోస్తా జిల్లాలవారు అద్దె యందురు. బాడుగ యనునది సంస్కృతమందలి భాటక శబ్దమునుండి వచ్చినది. బండి బాడుగ, ఎద్దుల బాడుగ, ఇంటి బాడుగ, అన్నియు నొక్క మాట క్రిందికే వచ్చుచున్నవి. ఇందు గొంత ప్రమాదమును గలదు. గమ్యము చేరగానే బండి దిగుమనవచ్చును. పొయ్యిమీద కూడుడుకుచుండగా ఇల్లు దిగిపొమ్మనుట యట్టిది గాదు. ఇంటికిని బండికిని గల యీ భేదమును రాజ్యము లొకటొకటిగా గుర్తించుటయే బాడుగ శాసనముల చరిత్ర.

ఈ భేదము మన పూర్వులకు దెలియదనుకొనరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము చాలకాలము మఱుగుపడియుండెను. మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు జేరిన తాళపత్ర ప్రతి నాధారముగా గొని, ఆర్. శామశాస్త్రిగారు దానిని 1909లో నచ్చు వేయించిరి. అందు మూడవ యధికరణమున ఇండ్లు, హద్దులు, గోడలు, నీటి దారులు వీనిని గూర్చిన తగవులు చెప్పుచోట బాడుగ ప్రస్తావము వచ్చును. బాడుగకు కౌటిల్యుడు వాడిన మాట అవక్రయము. వలదని చెప్పిన పిమ్మటను ఇల్లు విడువక యుండువానికిని, బాడుగ చెల్లించుచున్నవానిని వెడలగొట్టు యజమానునికిని ఆయన యొకే దండనము విధించెను, పండ్రెండు పణములు. ఇద్దఱకు సమానముగా విధించుటను గమనింపుడు. దౌర్జన్యము, దొంగతనము, సాహసము, పరస్త్రీ గ్రహణము, తనది కాని దానిని తనదని యనుభవించుట, ఈ దోషములు గలవానిని మాత్రము వెడలగొట్టవచ్చును. బాడుగకున్నవాడు తనంతట దానే విడిచిపోయినచో నా సంవత్సరపు మిగిలిన బాడుగ నీయవలెను.

నారద స్మృతిలో మఱొక చక్కని నియమము గలదు. అందు బాడుగకు స్తోమ మని పేరు. ఒకడు పరుల భూమిలో స్తోమ మిచ్చి తానే ఇల్లు కట్టుకొని వసించెను; పోవునపుడు తాను వేసిన గడ్డి, కొయ్య, ఇటుకలు తీసికొనిపోవచ్చును. బాడుగ యీయక, భూమి గలవాని యిష్టమునకు మాఱుగా వసించినవానికి మాత్ర మా హక్కు లేదు. తన చేతిసొమ్ము పెట్టి రేకులు వేసికొన్నవాడు పోవునపు డా రేకులు విప్పవచ్చునా కూడదా యని నేటికిని మన వీధులలో తగవులు జరుగుచునే యున్నవి గదా.

నేను గురువుగారి సన్నిధిని ఈ గ్రంథములు చదువునపుడు, మనవారు చెప్పని ధర్మము లేదని మురిసిపోతిని. పిమ్మట రెండవ యధికరణము చదివితిని. అందు పట్టణమును నిర్మించు విధానము గలదు. ఏ వర్ణమువా రే దిక్కున వసింపవలెనో నిర్ణయించి, చండాలుర నివాసము శ్మశానపు టంచున నుండవలెనని కౌటిల్యుడు వ్రాసెను. బాడుగ యిచ్చువానిని వెడలగొట్టరాదన్న న్యాయవేత్తయే, ఇల్లడుగుటకై యూరిలోనికి రాగూడనివారిని గూర్చియు వ్రాసినాడు. దీనిని దాటవేసి మొదటిదానిని మాత్రమే పొగడుట పండితునకు దగదు. ఈ విషయమున కింకను వచ్చెదను.

ఇక నాధునిక కాలము. బాడుగల నదుపులో బెట్టు చట్టములు యుద్ధమునకు బుట్టిన బిడ్డలు. మొదటి ప్రపంచ యుద్ధమున స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమునకు ఓడలు కట్టు పనికై వేలకొలది జనులు వచ్చి చేరిరి. ఇండ్లు లేవు. ఇదే యదనని యజమానులు బాడుగలు పెంచిరి; మగవారు కొందఱు యుద్ధభూమిలో నుండగా వారి భార్యలను వీధికి లాగజూచిరి. అపుడు మేరీ బార్బరు అను గృహిణి మొదలగు స్త్రీలు వీధి వీధికిని సంఘములు గట్టి, పెంచిన బాడుగ నీయమనిరి. బంట్రోతు వచ్చిన నొకతె గంట మ్రోగించును. అందఱును గుమిగూడి పిండి ముద్దలతో వానిని తఱుముదురు. 1915 నవంబరు 17వ తేదీన పదునెనిమిది మందిని బాడుగ బాకీకై కోర్టున కీడ్వగా వేలకొలది జనము కోర్టును చుట్టుముట్టెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే ఆంగ్ల పార్లమెంటు చట్టము చేసి, చిన్న యిండ్ల బాడుగలను 1914 ఆగస్టు నాటి మట్టమున నిలిపివేసెను. బొంబాయిలో నిట్టి చట్టము 1918లోను, కలకత్తాలో 1920లోను వచ్చినవి.

మన మప్పుడు మద్రాసు రాష్ట్రమున నుంటిమి. రెండవ యుద్ధకాలమున, 1941లో, దేశరక్షణ నిబంధనల క్రింద మద్రాసు ప్రభుత్వము ఇండ్ల బాడుగల నదుపు చేయు ఉత్తరువు గావించెను. యుద్ధము ముగిసినను ఇండ్ల కఱవు ముగియలేదు. 1946లో నొక చట్టము, అది తీరగానే 1949లో మఱొక చట్టము చేయబడెను. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినను అనంతపురము జిల్లాలో నా మద్రాసు చట్టమే నడచెను. హైదరాబాదు ప్రాంతమునకు 1954లో చేసిన వేఱు చట్ట ముండెను. రెండింటిని గలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ యొక చట్టము చేసెను. అది జంటనగరములకును, రాష్ట్రమందలి పురపాలక సంఘములన్నింటికిని వర్తించెను. మన ప్రాంతమున 1920 నుండియు పురపాలక సంఘముగా నున్న హిందూపురమునకు వర్తించెను. ధర్మవరమునకు 1964లో పురపాలక సంఘ మేర్పడగానే వర్తించెను. పంచాయతీ గ్రామములను దాకలేదు. ఈ మాట జ్ఞాపక ముంచుకొనుడు.

ఆ 1960 చట్టము నాకు పుస్తకముల వలన గాక మా యింటి వలన దెలిసినది. మా తండ్రిగారు హిందూపురమున నొక బెల్లపు మండీలో గుమాస్తా. మా కాపురము రెండంకణముల బాడుగ యిల్లు. నెలకు పదునెనిమిది రూపాయలు. 1971లో ఇంటి యజమానుడు ముప్పది రూపాయ లిమ్మనెను. మా నాయనగా రంత యీయలేననిరి. ఆయన మాఱు పలుకలేదు. మఱునెల బాడుగ తీసికొనిపోగా, “తొందరేమి, తరువాత చూచుకుందాములే” యని నవ్వి పంపివేసెను. మా నాయనగారు మంచివాడని మెచ్చుకొని యింటికి వచ్చిరి. ప్రక్క యింట నొక వకీలు గుమాస్తా యుండెడివారు. ఆయన యీ మాట విని తల పట్టుకొనిరి. “అయ్యా, అది మంచితనము గాదు. కరారు లేనిచోట ఒక నెల బాడుగ పైనెల కడపటి దినములోగా చెల్లవలె. అది దాటితే ఎగవేతదారుడని నీమీద దావా వేస్తాడు” అని చెప్పిరి.

ఆ చట్టములో గల యుపాయమును గూడ నాయనయే చెప్పిరి. బాడుగ పుచ్చుకొన్న ప్రతిసారియు యజమానుడు సంతకముగల రసీదీయవలెను. పుచ్చుకొననిచో, ఏ బ్యాంకులో జమచేయుమందువో పది దినములలో దెలుపుమని వానికి వ్రాతమూలముగా నోటీసీయవచ్చును. తెలుపనిచో బాడుగలో మనియార్డరు ఖర్చు తగ్గించుకొని తపాలాలో పంపవచ్చును. అదియు ద్రిప్పిపంపినచో కంట్రోలరు నొద్ద జమచేయవచ్చును. కంట్రోలరనగా నీ తగవులు తీర్చుటకు ప్రభుత్వము నియమించిన యధికారి. తహసీలుదారునకు దక్కువ హోదా గలవాడై యుండరాదు. మా నాయనగా రీ మెట్లన్నియు నెక్కిరి. మనియార్డరు, పుచ్చుకొన నిరాకరించెనను వ్రాతతో తిరిగి వచ్చిన దినమున మా యమ్మ యేడ్చినది. ఊరిలో పరువు పోయెనని. మా నాయనగారు మాత్ర మా కాగితమును మడచి ట్రంకు పెట్టెలో బెట్టిరి.

అటుపిమ్మట యజమానుడు పెరటి బావికి బోవు తలుపునకు తాళము వేసెను. మా యమ్మయు నేనును వీధి చివర కొళాయి నుండి నీరు మోసితిమి. అంతవఱ కనుభవించుచుండిన నీరు, దీపము, దారి మొదలగు సౌకర్యములను తగిన కారణము లేక యజమానుడు త్రుంచరాదని ఆ చట్టమున స్పష్టముగా గలదు. కంట్రోలరునకు అర్జీ పెట్టిన రెండవ వారముననే, విచారణకు ముందే, తాళము తీయబడెను. మే మా యింటిలో మఱి యాఱేండ్లుంటిమి. యజమానునికిని మా నాయనగారికిని మాటలు లేవు. రసీదులు మాత్రము నెలనెల వచ్చినవి.

ఈ కథలో నాడు నాకు యజమానుడు రాక్షసుడుగా దోచెను. ఇప్పుడు నేనును ఇంటి యజమానుడను గనుక ఆయన ప్రక్కను గూడ గొంచెము చెప్పవలెను. ఆ చట్టము న్యాయమైన బాడుగను నిర్ణయించుటకు బట్టుకొన్న కొలత, 1944 ఏప్రిలు 5వ తేదీకి ముందటి పండ్రెండు నెలలలో ఆ పేటలో నడచిన బాడుగ. దానిమీద కొంత శాతము పెంచవచ్చును గాని, వేఱు పట్టుకొమ్మ లేదు. 1971లో సున్నము ధర యేమి, తాపీవాని కూలి యేమి? ఇరువది యేడేండ్ల నాటి కొలతతో బాడుగ పుచ్చుకొనువాడు మిద్దె కురిసిన నేల బాగుచేయించును? బాగుచేయింపడు. గోడ కూలువఱకు చూచును. ఖాళీ యైన యింటికి తాళము వేసికొని కూర్చుండునే గాని యెవ్వరికి నీయడు. పెనుగొండలోను హిందూపురములోను పాతపేటలలో నట్టి మిద్దెలను నే నెన్నియో చూచితిని. ఒకవైపు మాత్రమే కాచు చట్టము కడ కా వైపును గూడ గాపాడలేదు.

ప్రభుత్వమునకు నీ సంగతి తెలియకపోలేదు. కొత్త యిండ్లు కట్టువారికి ధైర్యము గలుగుటకై, 1957 ఆగస్టు 26వ తేదీ మొదలు కట్టిన కట్టడములకు చట్టము వర్తింపదని 1960 చట్టముననే వ్రాసిరి. ఉద్దేశము మంచిదే. కాని మినహాయింపునకు గడువు పెట్టుట మఱచిరి. ఇరువదియైదేండ్లు గడచెను. 1956లో కట్టిన యింటిలోని వానికి రక్షణ గలదు. ప్రక్కనే 1958లో కట్టిన యింటిలోని వానికి లేదు. 1983 అక్టోబరులో సుప్రీముకోర్టు, మోటారు జనరల్ ట్రేడర్సు వ్యాజ్యమున, ఈ భేదము సమానత్వమునకు విరుద్ధమని యా మినహాయింపును గొట్టివేసెను. కొత్త కట్టడమునకు కొన్నేండ్లు మినహాయింపు న్యాయమే, శాశ్వతముగా నుండుట యన్యాయమని తాత్పర్యము. ఆ డిసెంబరులోనే ప్రభుత్వము పదేండ్ల మినహాయింపునకు ఉత్తరువు చేసెను. 2005లో చట్టమును సవరించి దానిని పదునైదేండ్లు చేసిరి. నెలకు నగరములలో 3500 రూపాయలు, ఇతర పురములలో 2000 రూపాయలు మించిన బాడుగలను చట్టము వెలుపల బెట్టిరి. రెండువేల కీనాడు హిందూపురమున నెట్టి యిల్లు దొరకునో మీకే తెలియును. ఆ విధముగా మా యమ్మకు బావి తలుపు తెఱపించిన చట్టము క్రమముగా నెండిపోయెను. పిమ్మట 2017 సంవత్సరపు పేరుతో మన రాష్ట్రమున కొత్త చట్టము చేయబడెను. 2021 జూనులో కేంద్ర ప్రభుత్వ మొక నమూనా చట్టమును రాష్ట్రములకు పంపెను. ఆ నమూనాలో నివాసగృహమునకు రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు గొనరాదని, ఇరువది నాలుగు గంటల ముందు చెప్పక యజమానుడు లోనికి రారాదని, నీరు కరెంటు త్రుంచరాదని గలదు.

ధర్మవరమును గూర్చి యొక చిన్న మాట. అచ్చట బాడుగ యిల్లనగా నాలుగు గోడలే గాదు. మగ్గపు గుంట గల యిల్లు కావలెను. గుంట త్రవ్వనిచ్చిన యజమానుడు నేల చెడినదనును. గుంట లేనిచో నేతగాని కా యిల్లు నిష్ప్రయోజనము. ఒక్క గదిలో మగ్గము, పొయ్యి, ఊయల. అది నివాసమా వ్యాపార స్థలమా? చట్టము రెండింటిని వేఱుచేసి చూచును. ఆ గదిలోని యిల్లాలికి వేఱులేదు. అట్టివారు ఇల్లు మాఱినపు డెల్ల మగ్గము విప్పి, మరల పాతుకొని, అల్లు సరిచేసికొనువఱకు కూలి యుండదు. వారికి పదునైదు దినముల నోటీసనగా చాల స్వల్పము.

ఇక మన సోమందేపల్లి. అది మా మాతామహుల యూరు. సెలవులకు వచ్చుచుంటిని, కడకు స్థిరపడితిని. నా చిన్ననాట నచ్చట బాడుగ కుండువా రెవరు? మేష్టరు, తపాలా ఆయన, ఒకరిద్దఱు గుమాస్తాలు. వేళ్లమీద లెక్కింపవచ్చును. ఊరిపెద్ద తన పంచప్రక్క గది చూపి, “ఉండండి సార్” అనెడివాడు. బాడుగ యడుగుట కాతడే సిగ్గుపడెడివాడు. 2017 ఏప్రిలులో కియా సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో నొడంబడిక చేసికొనెను. పెనుగొండ మండలమందలి ఎఱ్ఱమంచి యొద్ద కార్ల కర్మాగారము లేచెను. 2019లో కార్లు వెలువడసాగెను. గ్లాస్గోకు ఓడల పని వచ్చినట్లు మన రహదారి ప్రక్క యూళ్లకు కార్ల పని వచ్చెను. వేరుసెనగ పండక అప్పులపాలైన రైతు మిద్దెమీద మిద్దె వేసెను. గాదె గది యాయెను. పసువుల కొట్టమునకు రేకులు వేసి నలుగురు కుఱ్ఱవాండ్రకు మంచములు వేసిరి. రైతునకు నెలనెల రొక్కము కంటబడుట మంచిదే. నేను దానిని నిందింపను. బెంగుళూరు దగ్గఱ గనుక పదినెలల అడ్వాన్సడుగు బెంగుళూరు వాడుకయు నెక్కివచ్చెను.

అయితే, పురముల కొఱకు బుట్టిన 1960 చట్టము ఈ యూరిని దాకలేదని చెప్పితిని గదా. పంచాయతీ యూరిలో చట్టమే లేదని, ఇల్లు నాది గనుక రాత్రికి రాత్రి పెట్టె బేడ వీధిలో వేయుదునని మన పెద్దలలో కొందఱు ధైర్యముగా ననుచుందురు. అది పొరపాటు. 1882 నాటి ఆస్తిబదలాయింపు చట్టము ఊరికిని పురమునకును గూడ నున్నది. నెలబాడుగ కిచ్చిన యింటిని విడువుమనుటకు పదునైదు దినముల నోటీసు వ్రాతమూలముగా నీయవలెను. ఏడాదికి మించిన కరారు రిజిస్టరు కావలెను. బాడుగ చెల్లించుచు నియమము పాటించువానిని నిరాటంకముగ వసింపనీయవలెను. పైకి గానరాని దోషము, అనగా పునాది క్రుంగుటయో, గోడలో కరెంటు పాఱుటయో, యజమానునికి దెలిసియున్నచో ముందుగా జెప్పవలెను. తాను చేయవలసిన మరామత్తును చెప్పినను చేయకున్నచో, బాడుగకున్నవాడు చేయించుకొని ఖర్చును బాడుగలో దగ్గించుకొనవచ్చును. నోటీసు గడువు తీరినను ఇల్లు విడువనివానిని కోర్టు ద్వారానే వెడలింపవలెను గాని తాళము పగులగొట్టి కాదు. అట్లు బలిమితో వెడలగొట్టబడినవాడు, 1963 నాటి ప్రత్యేక పరిహార చట్టము క్రింద, ఆఱు నెలలలోగా దావా వేసినచో, ఇల్లెవరిదను ప్రశ్నతో బనిలేకయే స్వాధీనము తిరిగి పొందును. ఈ సంగతి యూరిలో నెఱిగినవారు తక్కువ. అన్నియు నెఱిగిన పిమ్మటను కోర్టు కెక్కుట కా కూలి కుఱ్ఱవానికి తీరిక యెక్కడిది? పంచాయతీ అరుగుమీద మీరు చెప్పు మాటయే వానికి తొలి కోర్టు.

ఇప్పుడు మఱల వచ్చెదనన్న విషయమునకు వచ్చితిని. ఇంతవఱకు చెప్పినది ఇల్లు దొరికినవాని సంగతి. ఇల్లే దొరకనివాని సంగతి యేమి?

1917లో డాక్టరు అంబేద్కరుగారు విదేశములలో చదివి వచ్చి బరోడా సంస్థానమున నుద్యోగమునకు జేరిరి. ఆ నగరమున నాయనకు హిందువుల వసతిగృహములలో చోటు లేదు. ఒక పార్సీ సత్రములో, పార్సీ పేరు పెట్టుకొని, దినమునకు రూపాయిన్నర యిచ్చి మేడమీద నుండిరి. పదునొకండవ దినమున పండ్రెండుగురు పార్సీలు కఱ్ఱలతో వచ్చి సాయంకాలములోగా పొమ్మనిరి. ఆయన కిద్దఱు మిత్రులుండిరి. ఒక హిందువు, నీవు వచ్చిన నా పనివాండ్రు పోవుదురనెను. రెండవవాడు క్రైస్తవుడు, మా యావిడ రేపు వచ్చును, అడిగి చెప్పుదుననెను. రాత్రి తొమ్మిది గంటల బొంబాయి బండి వఱకు ఆయన తోటలో గూర్చుండి కాలము గడపిరి. ఈ వృత్తాంతమును ఆయన స్వయముగా వ్రాసినారు.

ఆయన రచనాసంఘమున కధ్యక్షులై యుండగా గూర్చిన రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించెను. 1955 జూన్ 1వ తేదీ నుండి అమలైన అస్పృశ్యతా నేరముల చట్టమున నొక చిన్న యంశము గలదు; ఏ పేటలోనైనను నివాసగృహమును కట్టుకొనుటలో, సంపాదించుటలో, అందు కాపురముండుటలో, అంటరానివాడను కారణమున నెవ్వనికి నడ్డు పెట్టినను నేరమే. 1976లో దానికి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చి, నెలకు దక్కువ గాని కారాగారము, జుల్మానా రెండును విధించిరి. అమెరికా దేశమున నల్లవారికి ఇల్లీయమనువారిని నిషేధించు చట్టము 1968 ఏప్రిలు 11వ తేదీన, డాక్టరు మార్టిన్ లూథర్ కింగును జంపిన వారమునకు, వచ్చినది. అనగా మన చట్టము దానికంటె పదుమూడేండ్లు పెద్దది. మన పిల్లలు డాలసులోను న్యూజెర్సీలోను ఏ తెల్లవాని యింటిలోనైన బాడుగకుండి, మనకు ఫోటోలు పంపుచున్నారు. ఆ తలుపులు వారికి దెఱచినదా 1968 చట్టమే. ఆ ఫోటోలు చూచి మురియు మనము మన మిద్దెకు ‘టు లెట్’ బోర్డు గట్టి, వచ్చినవాని నేమడుగుచున్నాము?

నే నేమడిగితినో చెప్పెదను. 2019లో మా పై వాటా ఖాళీ యయ్యెను. కర్మాగారమున జేరిన యొక యువకుడు వచ్చెను. చక్కని మాట, స్థిరమైన జీతము. ఇల్లు చూపితిని, నచ్చెననెను. అపుడు, “ఇంటిపేరేమి నాయనా?” యంటిని. ఆ ప్రశ్న కర్థ మేమో నాకు దెలియును, వానికిని దెలియును. ఆతడు నాకంటె నిజాయితీపరుడు. “ఇంటిపేరుతో తెలియదులే సార్. మేము మాదిగోళ్లము. ఈ పొద్దు చూసిన ఇండ్లలో ఇది ఐదోది. ముందే చెప్తే మీకూ నాకూ మేలు” అనెను. నేను, ఇంట్లో అడిగి రేపు చెప్పుదునంటిని.

1955 చట్టమును పిల్లలకు పాఠముగా జెప్పినవాడను నేను. బరోడా కథను పదేండ్లు తరగతిలో జదివించినవాడను నేను. ఇంట్లో అడిగి చెప్పుదునన్న మాట నా నోటనుండి వెడలునపుడు, అది యెవరి మాటయో నాకు దట్టలేదు. రాత్రి భోజనమువేళ మా యింటావిడ కీ సంగతి చెప్పగా, “ఆ అబ్బాయి బాడుగ కట్టగలడా లేదా అని చూడాల్సింది మీరు. దీనికి నన్నడిగేదేమి?” అని లేచిపోయెను. నాకప్పుడు బరోడా జ్ఞాపకము వచ్చెను. తెల్లవాఱగానే ఆతడిచ్చిన నంబరునకు ఫోను చేసితిని. పెనుగొండలో గది దొరకినదనియు నిన్న సాయంత్రమే సామాను చేర్చితిననియు జెప్పెను. “ఫరవాలేదు సార్” అని గూడ ననెను. ఆ మాట నాకు మనియార్డరు తిరిగి వచ్చినట్లుండెను.

ఇప్పుడు మా పై వాటాలో ఇద్దఱు కుఱ్ఱవాండ్రున్నారు. వారి ఇంటిపేర్లు నే నడుగలేదు. అడుగరాదని యుండియు, మొదటి నెలలో రెండు మూడు సారులు నాలుక చివరకు వచ్చినదని యొప్పుకొనుచున్నాను. అడ్వాన్సు రెండు నెలలది పుచ్చుకొంటిని. కరారు కాగితము రెండు ప్రతులు వ్రాసి యొకటి వారి కిచ్చితిని. బాడుగ వారు ఫోనులో పంపుదురు. నేను మాత్రము రసీదు పుస్తకము కొని, నెలనెల సంతకము చేసి చించి యిచ్చుచున్నాను. ఒక దినమున వారిలో చిన్నవాడు, “ఫోన్లో కట్టేసినాం గదా సార్, మళ్లీ ఈ చీటీ ఎందుకు?” అని యడిగెను. నేను లోనికి బోయి, ట్రంకు పెట్టె తెఱచి, మా నాయనగారి కట్టను దెచ్చి వాని చేతికిచ్చితిని. అందు పైననే యున్నది, పుచ్చుకొన నిరాకరించెనను వ్రాత గల యా మనియార్డరు కాగితము.

నా కిచ్చిన కాలము ముగిసినది. సెలవు.